ఉప్పుగాలికి నిలిచే బిగింపు

విశాఖ లాంటి సముద్రతీరంలో మేడమీద హామ్ రేడియో యాంటెన్నా నిలబెట్టేవారి పనితనమంటే నాకు గొప్ప గౌరవం. 14 మెగాహెర్ట్జ్ బ్యాండుకు ఒక్కో కడ్డీ సుమారు 10 మీటర్లు. అల్యూమినియం గొట్టాలను ఒకదాంట్లో ఒకటి దూర్చి అతికితేగాని అంత పొడవు రాదు. ఆ అతుకులోనే ఉంది విద్యంతా.

జింకుపూత వేసిన మామూలు ఇనుప బోల్టు ఉప్పుగాలికి త్వరగా తుప్పుపడుతుంది. ఇత్తడి మరీ చేటు, తేమ తగిలితే చుట్టూ ఉన్న అల్యూమినియాన్నే తుప్పు తినేలా చేస్తుంది. అందుకే వాళ్లు స్టెయిన్‌లెస్ అడుగుతారు, అందులోనూ 316 రకం. దానిలోని 2-3 శాతం మాలిబ్డినం వల్ల అది ఉప్పును బాగా తట్టుకుంటుంది. నిజానికి స్టెయిన్‌లెస్‌కూ అల్యూమినియానికీ పూర్తిగా పడదు. అయితే బోల్టు చిన్నది, గొట్టం పెద్దది కాబట్టి నష్టం నెమ్మదిగా జరుగుతుంది.

నాకు ముచ్చటేసేది మరకు పూసే ఆ కాస్త యాంటీ-సీజ్ పేస్టు. అది లేకపోతే స్టెయిన్‌లెస్ మరలు ఒకదాన్నొకటి కరిచిపట్టేస్తాయి, విప్పబోతే బోల్టే తెగుతుంది. గాలికి వణికేచోట లోపల నైలాన్ వలయమున్న నట్టు. మళ్లీ విప్పే పని లేనిచోట అల్యూమినియం రివెట్లు, గొట్టం జాతి లోహమే కదా! ఇవన్నీ బిగించేముందు గొట్టాలు ఒరుసుకునే భాగాన్ని గరుకు కాగితంతో రుద్ది ఆక్సైడ్ పొర తీస్తారు.