అనివార్య కారణాల వల్ల

విమానం ఆలస్యమైందన్న వార్తను తెలుగు పత్రికలు నాలుగు మాటలతో రాసేస్తాయి. సాంకేతిక లోపం, పొగమంచు, అనివార్య కారణాలు, ప్రయాణికుల ఆందోళన. ఈ నాలుగూ కొట్టేసి చూడండి. ఊరి పేరు, విమాన సంస్థ పేరు, ఎన్ని గంటలు అన్న అంకె మిగులుతాయి. ఎందుకు ఆలస్యమైంది, ఎవరు బాధ్యులు, కూర్చున్నవాళ్ళకు చట్టం ప్రకారం ఏం దక్కాలి అన్నవి వార్తలో వుండవు. చిన్న వార్తకు ఇంత రాద్ధాంతమా అంటారేమో. కానీ పేరు పెట్టే అధికారం ఎవరి చేతిలో వుందో చిన్న వార్తల్లోనే బాగా కనిపిస్తుంది. మనకు ఎవరెవరో పెట్టిన పేర్లను మోస్తూ బతికేవాళ్ళం కాబట్టి, పత్రిక దేనికి ఏ పేరు పెడుతుందో గమనించడం మనకు అలవాటైన పని.

ముందు కారణానికి పెట్టే పేరు చూద్దాం. రాత్రి పదకొండు దాటాక విమాన సంస్థ నుంచి ఇంగ్లీషులో రెండు వాక్యాల ప్రకటన వస్తుంది. అందులో ‘ఆపరేషనల్ రీజన్స్’ అని వుంటుంది. అంటే సంస్థ నడిపే తీరులో ఏదో జరిగిందని అర్థం. సిబ్బంది చాలకపోవచ్చు, విమానం ఇంకో ఊళ్ళో చిక్కుకుని వుండొచ్చు, సీట్లు నిండక రెండు విమానాలను ఒకటి చేసి వుండొచ్చు. డెస్కులో కూర్చున్నవాళ్ళం దాన్ని తెలుగులోకి ఎలా తెస్తున్నాం? ‘అనివార్య కారణాల వల్ల’ అని. నేను ఉర్దూలోనూ రాస్తాను. అక్కడ ‘నాగుజీర్ వుజూహాత్ కీ బినా పర్’ అవుతుంది. రెండు మాటలకూ ఒకటే అర్థం. తప్పించడానికి వీల్లేనిది, ఎవరి చేతిలోనూ లేనిది అని. కంపెనీ తన ప్రకటనలో అడగనంత క్షమాభిక్ష మనం అనువాదంలో ఇచ్చేస్తున్నాం. భాష ఏదైనా తీర్పు మాత్రం నిర్దోషి అనే.

నిజానికి ఆలస్యం ఎలా పుడుతుందో దాచిపెట్టిన రహస్యమేమీ కాదు. తక్కువ ధర విమాన సంస్థల వ్యాపారమంతా విమానాన్ని నేల మీద నిలవనీయకపోవడంలోనే వుంది. ఒకే విమానం పొద్దున హైదరాబాద్‌లో బయలుదేరి ఢిల్లీ, అక్కడి నుంచి పాట్నా, మళ్ళీ ఢిల్లీ, ఆ తర్వాత చెన్నై అన్నట్టు రోజంతా తిరుగుతుంది. దిగినాక మళ్ళీ ఎగరడానికి మధ్య అరగంట, ముప్పావుగంట ఇస్తారు. పొద్దున ఒకచోట గంట పోతే, ఆ గంట సాయంత్రం దాకా ప్రతి ఊళ్ళోనూ దిగుతుంది. విమానయాన నియంత్రణ సంస్థ డి.జి.సి.ఎ. నెలనెలా ఇచ్చే నివేదికలో దీనికి ‘రియాక్షనరీ’ అనే ఖాతా వుంది. వెనక విమానం ఆలస్యం వల్ల ముందు విమానం ఆలస్యం. చాలా నెలల్లో అన్నిటికన్నా పెద్ద ఖాతా అదే. అంటే చెన్నైలో రాత్రి పడిగాపులు పడుతున్నవాళ్ళకు ‘ఢిల్లీలో పొగమంచు’ అని చెప్తే అది సగం నిజమే. పొగమంచు పొద్దున పది గంటలకే విడిపోయింది. విడిపోని భాగం ఆ షెడ్యూల్. దాన్ని రాసుకున్నది ఆకాశం కాదు, కంపెనీ.

ఇక ‘సాంకేతిక లోపం’ సంగతి. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా విమానం కూలి, అందులో వున్న 242 మందిలో 241 మంది చనిపోయారు. ఆ తర్వాత కొన్ని నెలల పాటు ఏ విమానం వెనక్కి తిరిగినా, ఏ విమానం బయలుదేరకుండా ఆగినా ‘తప్పిన పెను ముప్పు’ అన్న శీర్షికే. భయం సహజం. కానీ పైలట్ అనుమానం వచ్చి ఆగాడంటే వ్యవస్థ పనిచేసిందని అర్థం. అలాంటి ఆలస్యాన్ని ప్రమాదంలాగా రాస్తూ, సిబ్బందిని తగ్గించుకుని లాభం చూసుకున్నందువల్ల వచ్చే ఆలస్యాన్ని వాతావరణంలాగా రాస్తే పాఠకుడికి ఏం నేర్పుతున్నట్టు? జాగ్రత్తపడ్డవాడి మీద కోపం, పడనివాడి మీద సానుభూతి.

2025 డిసెంబర్ మొదటి వారంలో ఇదంతా దేశం కళ్ళముందు జరిగింది. దేశీయ ప్రయాణికుల్లో 60 శాతానికి పైగా మోసే ఇండిగో కుప్పకూలింది. డిసెంబర్ 5 ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. మొదట్లో వచ్చిన వార్తల్లో చాలావాటికి కారణం ‘కొత్త నిబంధనలు’. ఏమిటా నిబంధనలు? పైలట్లకు వారంలో ఇవ్వాల్సిన విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచడం, రాత్రి డ్యూటీలో దింపగల విమానాలను ఆరు నుంచి రెండుకు తగ్గించడం. నిద్ర లేని మనిషి చేతిలో రెండు వందల ప్రాణాలు పెట్టొద్దనే నిబంధన అది. పోనీ రాత్రికి రాత్రి వచ్చిందా? 2024 జనవరిలో ప్రకటించారు. ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్ళాక, కొంత భాగం 2025 జూలై 1న, మిగతాది నవంబర్ 1న అమలైంది. దాదాపు రెండేళ్ళ వ్యవధి. నవంబర్ నెలలోనే ఆ సంస్థ 1,232 విమానాలు రద్దు చేసిందనీ, వాటిలో 755 సిబ్బంది కొరత, ఈ నిబంధనల లెక్క వల్లేననీ డి.జి.సి.ఎ. చెప్పింది. నెల ముందే గంట మోగింది. ఆ నెలంతా మన పేజీల్లో అది ఒక శీర్షిక కాలేదు.

చివరకు తగ్గిందెవరు? నిబంధనే. ఇండిగోకు 2026 ఫిబ్రవరి 10 వరకు సడలింపు ఇచ్చారు. మన పత్రికలు ‘ఊరట’ అని రాశాయి. ఎవరికి ఊరట? పైలట్ల సంఘాలు అభ్యంతరం చెప్పాయి, అది లోపలి పేజీలకు పోయింది. అప్పటి పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు తెలుగువాడు కావడంతో మన దగ్గర చర్చ ఇంకో దారి పట్టింది. మంత్రిని వెనకేసుకొచ్చే పత్రిక ఒకటి, దులిపేసే పత్రిక ఒకటి. ఈ రెంటి మధ్యా నిద్ర చాలని పైలట్ ఎక్కడా లేడు.

వేళకు నడవడం ఒక్కటే మంచి పాలనకు గుర్తు అనుకుంటే ఎంత దూరం పోతామో ఈ దేశానికి తెలుసు. 1975-77 ఎమర్జెన్సీని సమర్థించేవాళ్ళు ఇప్పటికీ ‘రైళ్ళు వేళకు నడిచాయి’ అంటారు. అప్పుడు పత్రికల మీద సెన్సార్ వుందన్నది ఆ వాక్యంలో వుండదు. వేళను దేని ఖరీదుతో కొన్నారు అని అడగకపోతే, గడియారం కూడా అధికారానికి సాక్ష్యం చెప్తుంది.

అంకెల సంగతీ అంతే. ఏ సంస్థ ఎంత శాతం వేళకు నడిచిందో నెలనెలా పట్టిక వేస్తాం. పదిహేను నిమిషాల లోపు ఆలస్యం ఆలస్యం కాదన్నది ఆ పట్టిక నియమం. ప్రయాణ సమయాన్నే షెడ్యూల్‌లో కాస్త పొడిగించి రాసుకోవడం ప్రపంచమంతా విమాన సంస్థలకు అలవాటు. కాబట్టి ‘వేళకు’ అన్న మాటే సాగేది. పైగా ఆ లెక్క తీసేది పెద్ద నగరాల విమానాశ్రయాల్లో మాత్రమే. మొదట బెంగళూరు, ఢిల్లీ, హైదరాబాద్, ముంబయి. తర్వాత చెన్నై, కోల్‌కతా కూడా చేరాయి. కడపలో, రాజమండ్రిలో ఎదురుచూసిన గంటలు ఆ లెక్కలోకి రావు. అన్నిటికన్నా ముఖ్యం, అది దేశీయ విమానాల లెక్క. శంషాబాద్ నుంచి దమ్మామ్‌కో, కువైట్‌కో పోయే విమానం ఏడు గంటలు ఆగితే ఆ శాతంలో చుక్కంత తేడా రాదు.

ఇక్కడే నాలుగో మాటకు వస్తాను. ప్రయాణికుల ఆందోళన. తెలుగులో ఈ మాటకు రెండు అర్థాలు. మనసులో కలిగే కలవరం ఒకటి, రోడ్డెక్కి చేసే గొడవ ఇంకొకటి. ఏ ప్రయాణికుడికి ఏ అర్థం దక్కుతుందో చూడండి. 2024 జనవరిలో ఉత్తరాది పొగమంచు రోజుల్లో గోవా నుంచి ఢిల్లీ వెళ్ళాల్సిన విమానాన్ని ముంబయికి మళ్ళించారు. విసిగిపోయిన ప్రయాణికులు విమానం పక్కనే నేల మీద కూర్చుని భోజనం చేశారు. ఆ వీడియో దేశమంతా తిరిగింది. మంత్రిత్వ శాఖ కదిలింది, ఇండిగోకు 1.20 కోట్ల జరిమానా పడింది. మంచిదే, పడాల్సిందే. ఆ ప్రయాణికుల సమయానికి విలువ వుందని పత్రికలు నమ్మాయి కాబట్టే అది జరిగింది. అదే పని రియాద్ విమానం కోసం చూస్తున్న రెండు వందల మంది చేస్తే? నేల మీద కూర్చుని అన్నం తినడం వాళ్ళకు వార్త కాదు. గొంతు లేపితే ‘ఎయిర్‌పోర్టులో ఉద్రిక్తత’ అవుతుంది. ఒకరిది కలవరం, ఒకరిది గొడవ.

పేరు కూడా మారిపోతుంది. ఢిల్లీ విమానంలో వున్నవాడు ‘ప్రయాణికుడు’. దుబాయ్ విమానంలో వున్న జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ మనిషి, పాతబస్తీ మనిషి ‘గల్ఫ్ కార్మికుడు’, ఇంకాస్త జాలి కలిపితే ‘గల్ఫ్ బాధితుడు’. అతనూ టికెట్ కొన్నాడు. చాలామంది అప్పు చేసి కొన్నారు. జిల్లా నుంచి కారు మాట్లాడుకుని నలుగురు దించడానికి వచ్చారు. విమానం ఆగితే వాళ్ళు వెనక్కి పోవాలా, వుండాలా? అక్కడ డ్యూటీలో చేరాల్సిన తేదీ దాటితే జీతం కోత. సెలవు మీద వచ్చి వెళ్ళేవాడికి తిరిగి చేరే గడువు దాటితే మొత్తం బతుకే సందేహం. ఢిల్లీ మీటింగ్ తప్పినవాడి నష్టం కన్నా ఇది తక్కువదా? మన పత్రికల్లో గల్ఫ్ మనిషి రెండు సందర్భాల్లో కనిపిస్తాడు. ఏజెంటు మోసం చేసినప్పుడు, శవపేటిక వచ్చినప్పుడు. మధ్యలో బతికి, టికెట్ చేతపట్టుకుని, హక్కున్న ప్రయాణికుడిగా క్యూలో నిలబడ్డవాడు కనిపించడు.

కేరళను పోల్చి చూస్తే సంగతి అర్థమవుతుంది. 2024 మే నెలలో ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ సిబ్బంది మూకుమ్మడిగా జ్వరం సెలవు పెట్టారు. ఒక్కరోజులోనే 80కి పైగా విమానాలు ఆగాయి. కేరళ నుంచి గల్ఫ్ వెళ్ళేవాళ్ళే ఎక్కువగా చిక్కుకున్నారు. మలయాళ పత్రికలు ఎప్పుడో గల్ఫ్‌లోనే ఎడిషన్లు పెట్టాయి. అక్కడి కార్మికుడు వాళ్ళకు పాఠకుడు, చందాదారు. మనకు అతను వార్త మాత్రమే. పాఠకుడికి జవాబు చెప్పాలి, వార్తకు అక్కర్లేదు.

ఉర్దూ పత్రికలు ఇందులో కడిగిన ముత్యాలేమీ కావు. ఒక మేలు వుంది. జిద్దా, దమ్మామ్, కువైట్ విమానాల సంగతి వాటికి ఇంటి సంగతి. ‘ముసాఫిర్’ అన్న మాటలోనే ఇల్లు విడిచినవాడి మీద ఒక ఆదరం వుంది. కానీ అక్కడా వార్త చివరకు ఫలానా నాయకుడు ఫోన్ చేశారు, ఫలానా సాహెబ్ జోక్యంతో భోజనాలు వచ్చాయి అన్నదగ్గర ఆగుతుంది. భోజనం హక్కు అన్న సంగతి పోయి నాయకుడి దయ మిగులుతుంది. హజ్ విమానం ఆలస్యమైతే తెలుగు పత్రికకు అది మైనారిటీ వార్త, ఉర్దూ పత్రికకు సబర్ చేయమని చెప్పే సందర్భం. ఇక్కడే ఎహ్రామ్ కట్టుకున్న డెబ్బై ఏళ్ళ మనిషికి ఆ గంటలు ఎలా గడుస్తాయి? సువాసన వున్న సబ్బు వాడకూడదు, సువాసన వున్న టిష్యూతో మొహం తుడుచుకోకూడదు. వాళ్ళకు ఏం అందించాలో సంస్థకు తెలుసా అని ఏ భాషలో అడిగాం? సబర్ యాత్రికుడి గుణం. దాన్ని కంపెనీ ఖాతాలో జమ వేసే హక్కు పత్రికకు లేదు.

విమానం ఎక్కేవాళ్ళ గోల మనకెందుకు, ఆర్టీసీ బస్సు రాక రోడ్డు మీద నిలబడ్డవాళ్ళ సంగతి రాయండి అనే మిత్రులున్నారు. రాయాలి. కానీ విమానం డబ్బున్నవాడిదే అన్న కాలం మన జిల్లాల్లో ఎన్నడో పోయింది. మనలో చాలా ఇళ్ళకు మొదట పరిచయమైన దూరప్రయాణం విమానమే. హైదరాబాద్ రైలు రిజర్వేషన్ చేయించడం తెలియని తల్లికి కూడా దుబాయ్ విమానం ఎన్నింటికి దిగుతుందో తెలుసు.

అడగాల్సినవి కష్టమైన ప్రశ్నలు కావు. ఈ విమానం పొద్దున్నుంచి ఏ ఊళ్ళు తిరిగి వచ్చింది? ఆలస్యం మొదట ఎక్కడ పుట్టింది? ప్రయాణికులకు ఎప్పుడు చెప్పారు? డి.జి.సి.ఎ. నిబంధన ప్రకారం రెండున్నర గంటల లోపు ప్రయాణమైతే రెండు గంటలు, ఐదు గంటల లోపైతే మూడు గంటలు, అంతకు మించితే నాలుగు గంటల ఆలస్యానికి భోజనం, ఫలహారం ఇవ్వాలి. ఇచ్చారా? ఆరు గంటలు దాటితే ఇంకో విమానం గానీ పూర్తి డబ్బు గానీ కోరుకోవచ్చని ఎవరైనా చెప్పారా? రాత్రి ఎనిమిది నుంచి తెల్లవారుజాము మూడు లోపు బయలుదేరాల్సిన విమానం ఆరు గంటలకు మించి ఆగితే హోటల్ గది ఇవ్వాలి. గల్ఫ్ విమానాల్లో ఎక్కువ భాగం ఆ వేళవే. ఎంతమందికి గది దొరికింది? యూరప్‌లో మూడు గంటలు దాటిన ఆలస్యానికి, అది సంస్థ తప్పయితే, 250 నుంచి 600 యూరోల దాకా పరిహారం ఇవ్వాలి. మన నిబంధనల్లో ఆలస్యానికి నగదు పరిహారమే లేదు. ఎందుకు లేదు అన్నది సంపాదకీయానికి చాలినంత విషయం.

ఈ ప్రశ్నలు ఢిల్లీ విమానానికి అడిగినట్టే దమ్మామ్ విమానానికీ అడగాలి. జవాబు రాకపోతే ‘సంస్థ కారణం చెప్పలేదు’ అని రాయాలి. చెప్పని కారణాన్ని అనివార్యం చేసే పని మాత్రం మనం మానుకోవాలి.