లెక్క సరే, అంకెలు ఎక్కడివి?

పదవ తరగతి గణితంలో సాంఖ్యకశాస్త్రం, సంభావ్యత అనే రెండు అధ్యాయాలు ఉన్నవి. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరంలో ఇవే పెరిగి పెద్దవై మళ్ళీ ఎదురవుతవి. అభ్యాసాలకు కొదవ లేదు. నాణెం ఎగురవేయడం, పాచిక దొర్లించడం, పేకకట్టలోనుంచి ముక్క తీయడం, సంచిలోనుంచి ఎర్రబంతి తీయడం, ఇటువంటివి విద్యార్థి వందల కొలది చేస్తాడు, మార్కులూ తెచ్చుకుంటాడు. ఈ లెక్కలు తప్పని నేను అనడం లేదు. వీటిలో అంకెలన్నీ ముందే వండి వడ్డించి ఉంటవి. అవి ఎక్కడినుంచి వచ్చినవని అడగవలసిన అవసరం విద్యార్థికి కలగదు. నా ఫిర్యాదు అదే.

కొన్నేళ్ళ క్రిందట మా విద్యార్థులకు ఒక ఇంటిపని ఇచ్చాను. రూపాయి నాణెం 100 సార్లు ఎగురవేసి, బొమ్మ పడినదా బొరుసు పడినదా వరుసగా వ్రాసుకొని రావలెను. మరునాడు అందరూ తెచ్చారు. బొమ్మలు 49, 50, 51! ఇంతకంటె ముచ్చటైన ఫలితాలు ఉండవు. కాని చాలా కాగితాలలో ఒకే ముఖం వరుసగా మూడుసార్లకు మించి పడనే లేదు. నిజంగా 100 సార్లు ఎగురవేస్తే, ఎక్కడో ఒకచోట ఒకే ముఖం వరుసగా అయిదుసార్లో అంతకు మించో పడే సంభావ్యత దాదాపు 0.97. ఆరుసార్లో అంతకు మించో పడేది కూడా 0.8 దాకా ఉంటుంది. పిల్లలు నాణెం ముట్టుకోలేదు. కూర్చొని వ్రాసుకొని వచ్చారు. "మూడు బొమ్మలు పడిన తరువాత బొరుసు పడాలి కద సార్" అన్నాడొక కుర్రవాడు. స్వతంత్ర ఘటనల సూత్రం అడిగితే వెంటనే అప్పజెప్పాడు కూడా.

'సమసంభవ ఘటనలు' అన్న మాట ఇంకొక చిక్కు. దానిని ఒకసారి నిర్వచించి, ఆపైన ప్రతి లెక్కలోను అది ఉన్నట్లే అనుకొని సాగిపోవడం మనకు అలవాటు. నాణెం, పాచిక విషయంలో ఇది చెల్లుతుంది. మన ఇళ్ళలో అష్టాచెమ్మా ఆడే గవ్వలను తీసుకోండి. నాలుగు గవ్వలూ వెల్లకిల పడితే చెమ్మ, నాలుగూ బోర్లపడితే అష్ట. గవ్వ రెండు విధాలుగానే పడుతుంది కనుక ఒక్కొక్కదానికి సగం, కాబట్టి చెమ్మకు 1/16, అష్టకు 1/16 అని విద్యార్థి తడుముకోకుండా చెబుతాడు. కాని గవ్వ ఒకవైపు ఉబ్బెత్తు, ఒకవైపు చదును. రెండు విధాలుగా పడడం వేరు, రెండు విధాలుగానూ సమానంగా పడడం వేరు. వెల్లకిల పడే సంభావ్యత 0.6 అనుకుందాము. అప్పుడు చెమ్మకు 0.1296, అష్టకు 0.0256 వస్తుంది. అయిదు రెట్ల తేడా! ఇంతకూ అది 0.6 అని ఎవరు చెప్పారు? ఏ సూత్రమూ చెప్పదు. గవ్వను 200 సార్లు వేసి చూడవలసినదే. అప్పుడైనా చేతికి వచ్చేది ఒక అంచనా మాత్రమే, 0.07 వరకు అటో ఇటో ఉండవచ్చును. ఈ ఒక్క పనితో సంభావ్యత, పౌనఃపున్యం, క్రమ విచలనం మూడూ బోధపడతవి. గవ్వలు దొరకకపోతే ఒకవైపు అరగదీసిన చింతగింజలు చాలు.

నలోపాఖ్యానంలో ఋతుపర్ణుడు విభీతక వృక్షాన్ని చూసి ఆకులెన్నో కాయలెన్నో చెప్పగానే బాహుకుడు నమ్మి ఊరుకోలేదు. రథం ఆపి లెక్కపెట్టి చూశాడు. మన అభ్యాసాలలో ఋతుపర్ణుడు ఒక్కడే ఉన్నాడు, పుస్తకం చివర జవాబుల పట్టిక రూపంలో.

ఇంటర్మీడియట్ విద్యార్థులకు చిరపరిచితమైన లెక్క ఒకటి ఉన్నది. ఎ 75 శాతం, బి 80 శాతం సందర్భాలలో నిజం చెబుతారు. ఒక సంఘటనను గురించి వారి మాటలు పొసగకపోయే సంభావ్యత ఎంత? జవాబు 7/20. సంభావ్యతలను గుణించే హక్కు మనకు ఎక్కడినుంచి వచ్చినది? ఒకరి మాటకు మరొకరి మాటతో సంబంధం లేనప్పుడే ఆ హక్కు ఉంటుంది. ఇద్దరూ ఒకే బస్సులో కూడబలుక్కొని కోర్టుకు వచ్చిన సాక్షులైతే? బి అబద్ధమాడిన ప్రతిసారీ ఎ కూడా ఆడితే, జవాబు 7/20 కాదు, 1/20. ఈ ప్రశ్న వేసిన విద్యార్థికి నేనైతే జవాబు వ్రాసినవాడికంటె ఎక్కువ మార్కులు ఇస్తాను.

మా మెదక్ పేరు మెతుకు నుంచి వచ్చినదని చెప్పుకుంటారు. అన్నం ఉడికినదీ లేనిదీ ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుందన్నది మన ఇళ్ళలోని మాట. నమూనా సిద్ధాంతానికి ఇంతకంటె మంచి ప్రవేశిక లేదు. అయితే గిన్నె అంతటా ఒకే వేడి తగిలినప్పుడే ఆ మెతుకు సాక్ష్యం చెల్లుతుంది. పొలం అటువంటి గిన్నె కాదు. వరి దిగుబడి అంచనా వేయడానికి జరిగే పంటకోత ప్రయోగంలో పొలాన్ని యాదృచ్ఛిక సంఖ్యలతో ఎన్నుకొని, అందులో 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల మడిని కూడా అట్లాగే గుర్తించి కోస్తారు. ఎన్నుకునేవాడి కన్ను ఏపుగా ఉన్న చోటికి పోకుండా ఉండడానికే ఆ సంఖ్యలు. 25 చదరపు మీటర్లలో ఒక కిలో పొరపాటు పడితే, ఎకరాకు 162 కిలోల పొరపాటు. గట్టుగీత మీది మొక్కలను లోపలివిగా లెక్కించడం సహజ దోషం. మడి చిన్నదైన కొద్దీ అది పెరుగుతుంది. ఒక మీటరు మడిలో చదరపు మీటరుకు 4 మీటర్ల అంచు ఉంటే, అయిదు మీటర్ల మడిలో 0.8 మాత్రమే. చిన్న మడులు దిగుబడిని ఎక్కువ చేసి చూపుతవని పి. వి. సుఖాత్మే 1946లో వాదించారు. చిన్న కోతలను వాడిన మహలనోబిస్ పక్షంతో అది పెద్ద చర్చ అయినది. పంట బీమాలో పరిహారం తేల్చేటప్పుడు ఈ కోతల లెక్కలే ఆధారం. మా తరగతిలో సగానికి పైగా రైతుబిడ్డలే. వారికి ఎర్రబంతుల సంచి ఇచ్చి, ఈ మడిని మాత్రం చూపకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇదంతా ప్రయోగాల పని, సిద్ధాంతం వేరు అనేవారు సి. ఆర్. రావు గారిని తలచుకోవచ్చును. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన ఆయన 1941లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్స్టిట్యూట్‌లో చేరారు. 1945లో వెలువరించిన వ్యాసంతో ప్రపంచ ప్రసిద్ధులైన తరువాత కూడా, కేంబ్రిడ్జికి వెళ్ళి సూడాన్‌లోని జెబెల్ మోయాలో త్రవ్వి తీసిన ఎముకల కొలతలతో కుస్తీ పట్టారు.

"సిలబస్ పూర్తి చేయడానికే సమయం చాలదు, గవ్వలు ఎక్కడ వేయించము?" అని ఉపాధ్యాయ మిత్రులు అంటారు. ఆ ఇబ్బంది నాకూ ఉన్నది. కొన్ని అభ్యాసాలకు అయిదు నిమిషాలే పడుతుంది. ఒకటి ఇక్కడ ఇస్తున్నాను. 2011 జనగణన ప్రకారం మెదక్ జిల్లా జనాభా ఒక పట్టికలో 30 లక్షల 33 వేలు. అదే జనగణన అంకెలతో తయారైన మరొక పట్టికలో 7 లక్షల 67 వేలు. రెండూ సరైనవే. ఇది ఎట్లా? 2016 అక్టోబరు 11న పాత జిల్లా మెదక్, సంగారెడ్డి, సిద్దిపేట అని మూడైనదని పిల్లలందరికీ తెలుసు. అయినా మా తరగతిలో ముద్రణ దోషం అన్నవారే ఎక్కువ.