శిలకు రేఖ: కొండపల్లి శేషగిరిరావు ప్రకృతి చిత్రణ

కొండపల్లి శేషగిరిరావు (1924–2012) పేరు వినగానే పురాణ, కావ్య ఘట్టాల చిత్రాలు స్ఫురించడం సహజం. విమర్శకులు ఆయనను వంగ చిత్రకళా సంప్రదాయానికి కొనసాగింపుగానే ఎక్కువగా పరిగణించారు. ఆయన దక్కన్ శిలాదృశ్యాలు ఈ అంచనాకు లొంగవు.

ఓరుగల్లు ప్రాంతపు పెనుగొండలో జన్మించిన శేషగిరిరావు శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ వద్ద శిక్షణ పొందారు. అక్కడి వాష్ పద్ధతిలో పలుచని రంగును పదేపదే నీటితో తడుపుతారు, అంచులు కరిగిపోతాయి. తేమ నిండిన వంగదేశపు ఆకాశానికి అది తగినది. హైదరాబాదు పరిసరాల నుంచి నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టల దాకా పరుచుకున్న, సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటుకు అది చాలదు. భువనగిరి ఏకశిల ఎదుట మిట్టమధ్యాహ్నం నిలిచిన వారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు: అక్కడ నీడకు సైతం పదునుంటుంది.

ఈ చిక్కును ఆయన రంగుతో కన్నా రేఖతో విప్పారు. శాంతినికేతన్‌లో ఆదరణ పొందిన తూర్పు ఆసియా కుంచె పద్ధతి ఇక్కడ అక్కరకు వచ్చింది. పగులు నడిచిన దారిని రేఖ పట్టుకుంటుంది. గుండు మీద గుండు నిలిచిన బరువు చూపరికి తెలుస్తుంది. ఆ రాళ్లలో మనుషుల, జంతువుల పోలికలు వెతకడంతోనే సరిపెట్టుకోవడం వాటిని తక్కువ చేయడమే. శిల ఇక్కడ నేపథ్యం కాదు, వస్తువు.

క్వారీలు గుట్టలను పలకలుగా కోసి తరలిస్తున్న కాలంలో ఈ చిత్రాలకు దస్తావేజు విలువ కూడా సమకూరింది. ఆ విలువనే ముందుంచి కుంచెపనిని విస్మరిస్తే, ఛాయాచిత్రం చేయలేనిది ఈ రేఖ ఏమి చేసిందన్న ప్రశ్న అడగకుండానే మిగులుతుంది.