గుమ్మం దగ్గరి బీదవాడు

తెలుగు బైబిలుకు మన సాహిత్య చరిత్రలు సాధారణంగా ఒక పేరా మించి ఇవ్వవు. మిషనరీలు వచ్చారు, అచ్చు తెచ్చారు, వచనానికి కొంత మేలు జరిగింది అని చెప్పి ముగిస్తాయి. భక్తులకు అది దైవవాక్కు కాబట్టి విమర్శించరాదు. మన అభ్యుదయవాదులకు అది మతగ్రంథం కాబట్టి అక్కరలేదు. ఈ రెండు వైఖరుల నడుమ, మన పల్లెల్లో శ్రమజీవులు తరతరాలుగా వింటున్న ఒక తెలుగు వచనం విమర్శకు అందకుండా పోయింది.

ఈ అనువాద చరిత్రలో మన ప్రాంతానికీ చోటుంది. మదనపల్లెలో పనిచేసిన ఆర్కాటు మిషన్ వైద్యుడు జేకబ్ చేంబర్లేన్ 1873 నుంచి 1894 దాకా తెలుగు బైబిలు సవరణ సంఘానికి అధ్యక్షుడు. అది గ్రాంథికానిదే రాజ్యమైన కాలం. గురజాడ అసమ్మతి పత్రం రాసింది 1914లో. కాబట్టి ఈనాటికీ ఎక్కువమంది చదివే ఆ పాత అనువాదంలో గ్రాంథికం ఉండడం వింతకాదు. నేనడిగేది వేరే ప్రశ్న: హీబ్రూ మూలంలోని సామాజికార్థం తెలుగులోకి ఎంత దిగింది?

ఆమోసు ప్రవక్తను తీసుకుందాం. క్రీ.పూ. 8వ శతాబ్దివాడు. తెకోవ ఊరి పసులకాపరి, మేడిపండ్లు ఏరుకొని బతికినవాడు. చెప్పులజోడు కోసం బీదవాణ్ణి అమ్మేస్తున్నారని ధనికుల మొహానే అన్నవాడు. అతని గ్రంథం ఐదో అధ్యాయంలో 'షఅర్' అనే హీబ్రూ మాట మూడుసార్లు వస్తుంది. తెలుగులో దాన్ని 'గుమ్మము' అన్నారు. బీదలు గుమ్మానికి వస్తే అన్యాయం చేస్తున్నారని అర్థం వస్తుంది.

తెలుగువాడికి గుమ్మమంటే ఇంటిది. గుమ్మం ముందు నిలబడిన బీదవాడు బిచ్చగాడు. అతనికి అన్యాయం చేయడమంటే పిడికెడు గింజలు పెట్టకపోవడం. కాని ఆమోసు చెప్పింది ఇది కాదు. షఅర్ అంటే ఊరి కోటవాకిలి. అక్కడ పెద్దలు కూర్చుని తగవులు తీర్చేవారు. టెల్ దాన్ తవ్వకాల్లో అలాంటి వాకిలి పక్కన రాతి అరుగు కూడా బయటపడింది. రూతు కథలో బోయజు పదిమంది పెద్దలను కూర్చోబెట్టి పొలం తగవు తేల్చింది అక్కడే. విశేషమేమంటే, అదే తెలుగు అనువాదం రూతు కథలో ఇదే హీబ్రూ మాటను 'పురద్వారము' అంది! అర్థం తెలియక చేసిన పని కాదన్నమాట. ఆమోసు దగ్గరికి వచ్చేసరికి న్యాయస్థానం కాస్తా ఇంటిగడప అయింది, వాది కాస్తా యాచకుడయ్యాడు.

అదే అధ్యాయంలో నీతిని పోల్చిన 'నహల్ ఏతాన్' మరొకటి. తెలుగులో 'గొప్ప ప్రవాహము'. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు పోలికా ఇలాంటిదే. ఏతాన్‌కు బలమైనదన్న అర్థం లేకపోలేదు. కాని నహల్ అంటే వానొస్తే పొర్లి, తర్వాత ఇసుక మిగిల్చే వంక. ఏతాన్ చేరితే ఎండని వంక. 1952 నాటి సవరించిన ఇంగ్లీషు అనువాదం ఈ అర్థాన్నే తీసుకుంది. స్వర్ణముఖి ఇసుక చూస్తూ పెరిగిన మనకు దీనికి వ్యాఖ్యానం కావాలా? గొప్ప ప్రవాహం ఏ తుపానుకో వస్తుంది, గట్లు తెంచుకొని పోతుంది. కాపు కోరేది ఎండాకాలంలోనూ పారే నీరు. ఆమోసు కోరిన నీతీ అలాంటిదే.

అనువాదకులు అన్నిచోట్లా తప్పారనడం న్యాయం కాదు. 23వ కీర్తనలోని 'సల్మావెత్'ను పాత ఇంగ్లీషు 'మరణచ్ఛాయ' అంటే, తెలుగు 'గాఢాంధకారము' అంది. చీకటిని చెప్పే అక్కాడియన్, అరబ్బీ ధాతువులతో ఆ మాటను ముడిపెట్టే పండితుల దృష్టిలో తెలుగే మూలానికి దగ్గర. అయితే యెషయా తొమ్మిదో అధ్యాయంలో అదే మాట మళ్లీ 'మరణచ్ఛాయ' అయింది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ధాతువు దొరికితే అర్థం దొరికినట్టే అనుకోవడం భ్రమ. 1961లో జేమ్స్ బార్ ఈ ధోరణిని గట్టిగా ఖండించాడు. మాటకు అర్థం వాక్యంలో, వాడుకలో ఉంటుంది. షఅర్‌కు నేను చెప్పిన అర్థం కూడా ఆ ఊళ్ల వాడుక నుంచి వచ్చిందే.

అయితే 'రచ్చబండ' అందామా? ఇశ్రాయేలుకు తెలుగు పంచె కట్టినట్టవుతుందని కొందరు అభ్యంతరం చెప్పవచ్చు. అందులో నిజముంది. కాని రచ్చబండకు మన దగ్గరా ఒక చరిత్ర ఉంది. దాని మీద కూర్చున్నదెవరు, దూరంగా చేతులు కట్టుకొని నిలబడినదెవరు అన్నది పల్లెలో ఎవరినడిగినా చెబుతారు. ఆమోసు ఫిర్యాదు కూడా సరిగ్గా అదే: తీర్పు చెప్పేవాళ్లు లంచం తీసుకొని బీదవాడి వ్యాజ్యం తోసేస్తున్నారని. ఈ అనువాదాన్ని ఎక్కువగా విన్నది ఆ దూరంగా నిలబడినవాళ్లే. తమ అనుభవమే అక్కడ రాసి ఉందన్న సంగతి వాళ్లకు అందకుండా ఒక్క మాట అడ్డుపడింది.

దానం అడిగేవాడూ న్యాయం అడిగేవాడూ ఒకడు కాడు. అనువాద విమర్శ చేయబోయే విద్యార్థులు నిఘంటువుతో పాటు ఈ తేడాను కూడా దగ్గర పెట్టుకోవాలి.