గోదా దిగిన వస్తాదు

వీరఘట్టమున జన్మించి, కలియుగ భీముడని వాసికెక్కి, రొమ్ముపై ఏనుగును నిలుపుకొనిన కోడి రామమూర్తి నాయుడుగారు కడపట ఒక కాలు పోగొట్టుకొని, 1942లో ఒడిసాలోని బలాంగీరున కన్నుమూసిరి. ఏనుగు ముచ్చటకు పుటలకు పుటలు కేటాయించు మన వ్రాతగాండ్రు ఆ కాలు పోయిన పిమ్మటి దినములను రెండు ముక్కలలో ముగించుట నాకు వింతగా తోచును. 1910లో లండనున జిబిస్కో అను మల్లునితో తలపడి, 1928లో పటియాలాలో అతనిని నిమిషము లోపలనే పడవైచిన మల్లుడు గామా సైతము 1960లో లాహోరున రోగముతో, లేమితో పోయెను.

మా గుంటూరు, ఒంగోలు సీమలలో ఎద్దులకీ దుర్గతి కొంత తక్కువ. తిరునాళ్లలో బండలాగుడు పందెములకు వచ్చిన ఒంగోలు గిత్తల నోళ్లు తెఱచి, పాలపండ్లు, రెండు పండ్లు, నాలుగు పండ్లు, ఆఱు పండ్లు అని విభాగించి, ఈడునకు తగిన బండ గట్టి, దానికి తగిన బహుమానమిత్తురు. వయసు మళ్లిన మల్లునికి మాత్రమట్టి తరగతి మా సీమలలో నేనెఱుగను.

నేనెఱిగిన వస్తాదొకడు, ఏడుపదులు దాటినవాడు, మిర్చి యార్డు దాపున నొక కోల్డు స్టోరేజికి కావలి. పట్టులలో నలిగి ముడుచుకొనిన చెవులు (శాలువాలకన్న నమ్మదగిన యోగ్యతాపత్రమిది), పందెమున గెలిచిన వెండి కడియము అతని ఆస్తి. మణికట్టు చిక్కిపోగా, కడియము జాఱకుండ లోపలివైపు నూలుదారము దట్టముగా చుట్టినాడు. మోకాళ్లు మొరాయించుటచే బస్కీలు మానెను గాని దండీలు మానలేదు. క్రొత్తవాడెవడైన గేటు దాటిన, తనకు తెలియకయే రొమ్ము విఱుచును.

మొన్న సాయంకాలము లారీనుండి మిరపకాయల సంచులు (టిక్కీలు) దించుచు నొక పడుచు హమాలీ, ఘాటునకు తుమ్ముచు, నడుము పట్టుకొని నిలువబడెను. వస్తాదు చరచర పోయి, "నడుముతో ఎత్తమాకరా! నువ్వు తిరిగి, వీపు దాని కిందికి దూర్చి, భుజం మీదుగా లాగు" అని వాని మోచేయి పట్టి తిప్పెను. టిక్కీ అవలీలగా వీపుపైకి వచ్చెను.

"యాడ నేర్చావు తాతా?"

"ధోబీపాటురా అది!"

వాడా కుస్తీపట్టు పేరెన్నడును వినలేదు. నవ్వి, మఱియొక టిక్కీకై పోయెను.

విద్య యింకను ఉపయోగపడుచున్నదే యని నేనంటిని. వస్తాదు విసుగుకొనెను: "ఏం ఉపయోగం లెండి! ఎదర మనిషుండాలి. సంచి తిరిగి పట్టు పట్టదు గదండీ."