పంచినా చెదరని ఇల్లు

పాత భవంతిని వాటాలు వేయడం ఏ మేస్త్రీ అయినా చేస్తాడు. వాటాలు వేశాక కూడా దాని రాజసం నిలబెట్టాలంటే వాస్తుశిల్పి హెన్రీ హాలండ్ లాంటివాడు కావాలి. లండన్ పికడిలీలోని ఆల్బనీయే అందుకు సాక్ష్యం.

1770లలో మెల్బోర్న్ ప్రభువు కోసం సర్ విలియం చేంబర్స్ కట్టిన ఇటుక మేడ ఇది. తర్వాత యార్క్, ఆల్బనీ డ్యూక్ చేతికి వచ్చింది, ఆయనా వదులుకున్నాడు. 1802లో దాన్ని పెళ్లికాని పెద్దమనుషులకు 69 వాటాలుగా మార్చే పని హాలండ్‌ చేతిలో పడింది.

ఆయన ఆ వాటాలన్నిటినీ మేడలో కుక్కలేదు. వెనక తోటలో రెండు పొడవాటి వరుసలు ఎదురెదురుగా లేపాడు. వాటి నడుమ మేడ నుంచి బర్లింగ్టన్ గార్డెన్స్ వైపు దాకా పైకప్పుతో నడవ వేశాడు. దాన్నే రోప్‌వాక్ అంటారు. ఎంత వానలోనైనా తడవకుండా గుమ్మం చేరవచ్చు. నడవ పొడవునా విడివిడి మెట్లదారులు, ఒక్కో దారికి కొన్ని వాటాలే. ఆక్స్‌ఫర్డ్ కాలేజీల పాత పద్ధతి ఇది. వరసగా తలుపులు తెరుచుకునే చీకటి వసారా ఎక్కడా ఉండదు. నలుగురి మధ్యా ఉంటూనే ఎవరి ఏకాంతం వారిది. వీధివైపు ముంగిలి, దాని వెనక చేంబర్స్ మేడ ముఖం నేటికీ ఠీవిగా నిలిచాయి.

బైరన్, గ్లాడ్‌స్టన్ ఇక్కడ కాపురమున్నారు. మన దేశానికి శిక్షాస్మృతి ముసాయిదా రాసిన మెకాలే 1841 నుంచి పదిహేనేళ్లు ఇక్కడే ఉండి ఇంగ్లండ్ చరిత్ర రాశాడు. అంతటి రాతపనికి కావలసిన నిశ్శబ్దం ఈ నిర్మాణంలోనే ఉంది.

ఈ పద్ధతికి ఈనాటి నకిలీలను చూస్తే కడుపు మండుతుంది. గదిని ప్లాస్టర్‌బోర్డుతో రెండుగా చీలుస్తారు. గోడ పైఅంచు కార్నిస్‌లోని పూలతీగ సగం పడగ్గదిలో, సగం స్నానాలగదిలో తేలుతుంది. ఎత్తయిన కిటికీకి అడ్డంగా ఫాల్స్ సీలింగ్ దిగుతుంది. గోడ ముఖం మీద మురుగు గొట్టాలు పాకుతాయి. దానికి ‘వారసత్వ నివాసం’ అని పేరు! ఇది కసాయి పని.

హాలండ్‌కు అసలైన వారసుడెవరంటే నేను వాస్తుశిల్పి కిట్ మార్టిన్ పేరే చెబుతాను. 1974లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో కూలిపోయిన పల్లె భవంతుల ప్రదర్శన చూసి దేశం కన్నీరు పెట్టిన రోజులవి. నార్తాంప్టన్‌షైర్‌లో శిథిలమైన డింగ్లీ హాల్‌ను, నార్‌ఫోక్‌లో గన్టన్ హాల్‌ను ఆయన బతికించాడు. ఆయన సూత్రం ఒక్కటే: ఇంటిని అంతస్తులవారీగా అడ్డంగా కొయ్యకుండా, నేల నుంచి కప్పు దాకా నిలువుగా పంచాలి. అప్పుడు ప్రతి వాటాకూ సొంత గుమ్మం, సొంత మెట్లు దక్కుతాయి. పెద్ద హాలు ముక్కలు కాకుండా ఒకే వాటాకు చెందుతుంది. తోట మాత్రం అందరిదీ.

కాబట్టి అనుమతులిచ్చే అధికారులారా, ఎన్ని ఫ్లాట్లు వస్తాయని ముందు లెక్కవేయకండి. ఏ గదిని ముట్టుకోకూడదో ముందు గుర్తుపెట్టండి. ఆ తర్వాతే గోడ మీద గీత గీయనివ్వండి.