‘తీరని కోరిక’లో తీరనిదేది? ‘ఇన్‌సేషియబుల్’ అనువాదంపై ఒక పరిశీలన

‘ఇన్‌సేషియబుల్’ అనే ఆంగ్ల విశేషణాన్ని తెలుగు చేసేటప్పుడు ‘తీరని’ అనే మాట వెంటనే స్ఫురిస్తుంది. అది ఎన్నోచోట్ల ఒదిగిపోతుంది కూడా. అయితే కొన్ని సందర్భాలలో మూలార్థాన్ని తలకిందులు చేస్తుంది.

ఆంగ్లపదానికి మూలం ‘చాలినంత’ అనే అర్థం గల లాటిన్ ‘సాటిస్’. ‘సాటిస్‌ఫై’ కూడా అక్కడిదే. ‘అన్‌సాటిస్‌ఫైడ్’ అంటే ఇప్పటికి తీరలేదని మాత్రమే. ‘ఇన్‌సేషియబుల్’ చివరనున్న ప్రత్యయం అసాధ్యతను చెబుతుంది: ఎంత పొందినా చాలదు. తెలుగులో వ్యతిరేక క్రియాజన్య విశేషణానికి కాలభేదం లేదు. తీరకపోయినది, తీరబోనిది, తీరజాలనిది, మూడూ ‘తీరని’లోనే ఇమిడిపోతాయి. ‘తీరని కోరికతో కన్నుమూశాడు’ అన్న వాక్యంలోని వ్యక్తి ఆశపోతు కాడు, అభాగ్యుడు. పాఠకుని సానుభూతి అతనివైపే ఉంటుంది. ఆంగ్లపదం చాలాచోట్ల ఆ సానుభూతినే నిరాకరిస్తుంది.

యయాతి వృత్తాంతం ఈ భేదాన్ని స్పష్టం చేస్తుంది. కుమారుడైన పూరుని యౌవనాన్ని గ్రహించి వేయేండ్లు భోగాలనుభవించిన యయాతికి కోరికలు తీరక కాదు, తీరినకొద్దీ పెరిగాయి. అతనిది ‘తీరని కోరిక’ అంటే కథే మారిపోతుంది. ‘ఎంత తీరినా తీరని’ అనవలసి ఉంటుంది. 16వ శతాబ్దిలో పొన్నిగంటి తెలగన అచ్చతెలుగు కావ్యానికి ఎంచుకొన్న ఇతివృత్తం ఇదే కావడం గమనార్హం. ‘అతృప్తం’ వంటి తత్సమాలకు తావులేని నియమంలోనూ ఈ భావం కావ్యమంతటా నడవగలిగింది.

‘తనివి తీరని’ అనేది మరింత దగ్గరి మాటగా తోస్తుంది. కాని దాని పరిధి ప్రీతికి సంబంధించినది. బిడ్డను చూసే తల్లికి తనివి తీరదు. లంచగొండికి తనివి తీరలేదంటే అది వ్యంగ్యమే అవుతుంది. (అప్పు, ఆకలి, పగ, బెంగ అన్నీ ‘తీరే’వే; కోరికను కూడా చెల్లించవలసిన బాకీగా భావించడం ఈ భాష స్వభావం.)

నిజానికి తెలుగు ఈ భారాన్ని తరచు విశేషణం మీద కాక నామం మీద మోపుతుంది. ధనదాహం, అధికారదాహం అన్నప్పుడు ‘తీరని’ అని చేర్చకపోయినా అర్థం పూర్తవుతుంది, నింద కూడా ధ్వనిస్తుంది. అదే ‘దాహం’ జ్ఞానంతో చేరితే ప్రశంస అవుతుంది. ‘ఇన్‌సేషియబుల్ క్యూరియాసిటీ’ని ‘తీరని కుతూహలం’ అన్న అనువాదంలో జిజ్ఞాసువు ఏదో దక్కక నిరాశ చెందినట్లుంటుంది. ‘జ్ఞానదాహం’లో ఆ నిరాశ లేదు.